కంచు బిళ్ళ

కందుకూరు అంగళ్ళ వీధిలో మా నాయన కొలిమి.
తిత్తి ఒత్తేది నేను. పదకొండేళ్ళు.
ఆ రోజుల్లో యుద్ధం బిళ్ళలు
మా ఇంటికొచ్చి చచ్చేవి.

ఉదయగిరి నించి జమేదారు మస్తాన్ సాయిబు కొడుకొచ్చాడొకసారి.
రుమాల్లో రెండు, వాళ్ళబ్బది ఒకటి, చిన్నబ్బది ఒకటి.
మంచి వెండి. పావు తులం తక్కువ మూడేసి తులాలు.
ఒక పక్క రాజు.
ఇంకో పక్క గుర్రం మీద మొలతాడైనా లేని మనిషి,
గుర్రం కాళ్ళ కింద పుర్రె.
"ఎవురబ్బా ఈ దిసమొలోడు?" అన్నాడు నాయన.
ఆ పిల్లాడు తలొంచుకున్నాడు,
వాళ్ళబ్బే బట్టల్లేకుండా యుద్ధానికి పోయినట్టు.

మూసలో వేస్తే ముందు పోయేది రాజు ముక్కు.
తర్వాత గడ్డం.
తిరగేసి వేస్తే గుర్రం చాలాసేపు నిలబడుతుంది,
పుర్రె అయితే ఇంకాసేపు.
వాటితో జమేదారు మనవరాలికి కాళ్ళ గొలుసులు చేశాం.
ఆ పిల్ల నడిస్తే బస్రా వినపడలేదు,
మామూలు గొలుసుల్లాగే మోగాయి.

రూతమ్మ వచ్చింది కరువు నాటి వైశాఖంలో,
మన్నేరు ఇసకలో చెలమలు కూడా ఎండాక.
మాలకొండయ్య పెళ్ళాం.
అతను కూలీల పటాలంలో ఓడెక్కినవాడు.
ఓడ దిగిన బియ్యం, ఓడెక్కాల్సిన గాయాలోళ్ళు
రెండూ అతని భుజం మీదే నడిచాయంట.

అరుగు దాకా రాలేదు. రానియ్యరు.
కొంగు ముడి విప్పి
కాలవ పక్క రాయి మీద బిళ్ళ పెట్టి
నాలుగడుగులు వెనక్కి పోయి నిలబడింది.
నాయన చెంబు తీసుకుని
మూడు సార్లు చల్లాడు.
రాజు నెత్తి తడిసింది, కిరీటం లేని బట్టతల.
చక్రవర్తికి మైల పట్టడం
నేను చూసింది ఆ ఒక్కసారే.

గీటురాయి మీద గీత ఎర్రగా పడింది.
"వెండి కాదమ్మే. కంచు."
"అదేంది సామీ, నెల్లూరు కచ్చేరిలో వెండన్నారే."
నాయన ఇంకోసారి గీసి చూపించాడు.
తుపాకి పట్టినోళ్ళకి వెండి,
మూట మోసినోళ్ళకి కంచు
అని నాకు తెలిసింది ఎన్నో ఏళ్ళకి.
ఆ పూట మా ముగ్గురికీ తెలియదు.
దొంగిలించింది ఎవరో తెలియక
ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం.

"పోనీ, దీంతో ఏమొస్తాది?"
"ఎద్దు మెడకి గంటొస్తాది."
"ఎద్దేదీ?" అంది.
నవ్విందేమో కూడా. ఎండకి సరిగ్గా కనపడలేదు.

తర్వాత నన్ను పిలిచింది.
"అబ్బయ్యా, బడికి పోతావంట గదా,
అంచు మీద ఏందో చెక్కుండారు, చదువు."
బోర్డు బడిలో నేర్చిన ఇంగ్లీషు అక్షరాలు
వేలితో తిప్పుకుంటూ కూడబలుక్కున్నాను:
మల్... కొం... డీ.
అడ్డంగా తలూపింది. "ఆయన గాదు."
ముందు అంకెలున్నాయి అన్నాను.
నేను నోరు తెరిచేలోపు తనే చదివింది,
చూడకుండా, అంత దూరం నించి:
"నాలుగు వేల నూట పదిహేడు."

"జాబుల మీద అదే గదా ఉండేది.
పాస్టరయ్య నంబరు చదివి, ఆ తర్వాత మంచీచెడ్డా చదివేవాడు.
ఎనిమిది జాబులు.
తొమ్మిదోదాంట్లో నంబరొక్కటే ఆయనది,
మిగిలిందంతా దొరలది."

రాయి మీద పెట్టు, అన్నాడు నాయన.
నేను చేతిలో పెట్టాను.
అరచెయ్యి పెంకులా గట్టిగా ఉంది.
ఆ సాయంత్రం బావి దగ్గర నిలబెట్టి
అమ్మ నా నెత్తిన ఆరు చేదలు గుమ్మరించింది,
నీళ్ళకి అంత కరువులో.

వెండివి కరిగిపోయాయి.
కంచుదాన్ని మా కొలిమి వద్దంది,
ఎక్కడుందో, ఎవరి ఉట్టిలో ఉందో.
నాకిప్పుడు ఎనభై దాటాయి.
నాయన పోయిన తిథి కోడలు గుర్తుచేయాలి.
మందుబిళ్ళలు వేసుకున్నానో లేదో అదీ తనే చెప్పాలి.
నాలుగు వేల నూట పదిహేడు.